మూసేసిన ఆరు రంధ్రాలు

పోయినవి వరసగా రాస్తాను. పద్నాలుగు రాత్రుల ఊపిరి. పంతొమ్మిదేళ్లు ఒకే చేతుల్లో ఉన్న లారీ స్టీరింగు. ఎస్టీడీ బూత్‌లో మూడు ఫోన్లు, కలిపి పదకొండు నిమిషాలు. అందులో తొమ్మిది నిమిషాలు ‘లైన్‌లో ఉండండి’ అని వినడానికే సరిపోయాయి. గోడకు తగిలి చొట్టపడ్డ చెంబు ఒకటి. మా అక్క నాతో మాట్లాడని రోజులు నలభై. ఎదుటివాడు చెప్పిన మాటను చెప్పినట్టు నమ్మే అలవాటు కూడా అప్పుడే పోయింది గానీ, దాన్ని ఏ అంకె కింద వెయ్యాలో తెలియక వదిలేశాను.

నేను చదివింది ఏడో తరగతి. జూలూరుపాడు దగ్గర రోడ్డు పక్కనున్న వేబ్రిడ్జిలో కాటా రాస్తూ లెక్క నేర్చుకున్నాను. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే సరుకు బరువు. ఆ తీసివేతలో తప్పు పోతే ఎవరో ఒకరి కడుపు కొట్టినట్టే కాబట్టి రెండుసార్లు చూసుకోవడం నాకు అలవాటు. మా అక్క భర్త, అంటే మా బావ, ములకలపల్లి అడవిలోంచి వెదురు తోలే లారీకి డ్రైవరు. వాళ్ల ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే.

బావ గురక వాడకట్టు మొత్తానికి తెలుసు. “మీ బావ లారీని బయట ఆపుతడు గానీ ఇంజను ఇంట్లకు తెచ్చుకుంటడు” అని అక్క అంటే అందరం నవ్వేవాళ్లం. తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం లోడుతో వస్తూ బావ స్టీరింగు మీదే కునికాడు. లారీ రోడ్డు దిగి మెత్తటి మట్టిలో కూరుకుపోయి ఆగింది. పైన వెదురు మోపుల మీద ఐదుగురు కూలీలు కూర్చుని ఉన్నారు. అదృష్టం, ఒక్కరికీ గీత పడలేదు. ఆ సాయంత్రమే ఓనరు తాళాలు తీసుకున్నాడు. ఇక ఎవరమూ నవ్వలేదు.

హైదరాబాదులో పెద్ద దవాఖానాలో ఒక రాత్రంతా తీగలు తగిలించి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని, గంటకు నలభైసార్లు పైనే అలా జరుగుతోందని డాక్టరు చెప్పాడు. సీపాప్ అనే మిషను వాడమన్నాడు. ముక్కుకు మాస్కు పెట్టుకుంటే ఆ మిషను గొట్టం గుండా గాలి తోస్తుంది, ఆ గాలి ఒత్తిడికి గొంతు మూసుకోదు. “ఇరవై ఎనిమిది రాత్రులు సరిగ్గా వాడి రండి. అప్పుడు బండి నడపొచ్చని రాసిస్తాను” అన్నాడు.

ఓనరు చెడ్డవాడు కాదు. “ఒకటో తారీఖు దాకా చూస్త. కాయితం తెస్తే తాళాలు నీవే. లేకుంటే ఇంకో డ్రైవరును పెట్టుకోవాలె, ఏమనుకోకు” అన్నాడు. మిషను ఇంటికొచ్చిన రోజు నుంచి ఒకటో తారీఖుకు ముప్పై ఒక్క రాత్రులున్నాయి. కావలసినవి ఇరవై ఎనిమిది. మూడు మిగులు. ఫరవాలేదనుకున్నాను.

హైదరాబాదులో మిషను అమ్మిన కొట్టువాళ్లు పెట్టె కట్టి, బిల్లు చింపి, లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. ఎలా పెట్టుకోవాలో ఒక్కసారి కూడా చూపించలేదు. గోడ గడియారం కొన్నా కీ ఎటు తిప్పాలో చెప్తారు. మనిషి ముక్కుకు కట్టే వస్తువుకు ఆ పాటి మాట కూడా లేదు.

మొదటి రాత్రే ఇల్లు దద్దరిల్లింది. ఒక పక్క జుయ్యిమని మోత, ఇంకో పక్క ఎడతెగని బుస.

“గురక పోయి పాము వచ్చింది తమ్ముడూ” అంది అక్క.

“పాము గాదు, కుక్కరు. పొద్దుగాలకు నేను ఉడికిపోత, కూర వండుకోరి” అన్నాడు బావ మాస్కులోంచి.

మూడు రాత్రులూ ఎవరికీ నిద్ర లేదు. బావ గంటకే మాస్కు పీకేసేవాడు. మిగులు మూడూ అలా కరిగిపోయాయి. నేను చప్పుడును రెండుగా విడదీశాను. జుయ్యిమనేది మిషనుది. దాన్ని ఇనప పెట్టె మీద పెట్టారు, ఆ రేకు కూడా దాంతోపాటు అదురుతోంది. కింద బొంత మడిచి పరిచి, గాలి పీల్చుకునే కంతకు అడ్డం రాకుండా పెడితే ఆ మోత సగానికి సగం తగ్గింది. బుస మాత్రం తగ్గలేదు. అది మాస్కు దగ్గర, గొట్టం కలిసే మూల నుంచి వస్తోంది.

కొట్టుకు ఫోన్ చేశాను. రెండుసార్లు లైన్‌లో ఉంచి పెట్టేశారు. మూడోసారి ఒక మనిషి పలికాడు.

“సౌండ్ వస్తోందంటే లీకేజీ సార్. ఎక్కణ్ణుంచి గాలి పోతోందో చూసి మూసేసుకోండి.”

“ఎట్ల మూయాలె సారూ?”

“అది కూడా మేమే చెప్పాలా?” అని పెట్టేశాడు.

గాలి పోతుంటే మా దగ్గర ఎవరి దగ్గరికి పోతారు? పంచరు షాపుకే పోతారు. వేబ్రిడ్జి పక్కనే లారీ టైర్లకు పంచర్లు వేసే ఆయన ఉన్నాడు. మాస్కు ముఖం వైపు అరచేత్తో మూసి, గొట్టంతో సహా నీళ్ల తొట్టిలో ముంచి, రెండో కొసన సైకిలు పంపు పెట్టి కొట్టాడు. గొట్టం మూల దగ్గర సన్నగా బుడగలు లేచాయి.

“ఒకటి గాదన్నా, ఆరు పంచర్లు! కొత్తదని చెప్పి మీకు పాతది అంటగట్టిన్రు” అన్నాడు.

ఆ చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ట్యూబు ముక్క కత్తిరించి అతికించాడు. మళ్లీ ముంచితే ఒక్క బుడగ రాలేదు. “బావకు చెప్పు, ముక్కుకు రెండేండ్ల గ్యారంటీ” అని నవ్వాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు తెలిసిన పని ఆయన శుభ్రంగా చేశాడు.

ఆ రాత్రి బుస లేదు, గురకా లేదు. “ఏడేండ్లకు కండ్ల నిండ నిద్ర పోయిన” అంది అక్క పొద్దున్నే. నేను నోటుబుక్కులో మొదటి గీత గీశాను.

రెండో రోజు నుంచి బావకు తలనొప్పి మొదలైంది. లేవగానే తల పగిలిపోతోందనేవాడు. మధ్యాహ్నం పీట మీద కూర్చునే కునికేవాడు. నిద్రలో తనకు తెలియకుండానే మాస్కు లాగి పారేసేవాడు, అక్క లేచి మళ్లీ తొడిగేది. ఒక పొద్దున తల పట్టుకుని లేచి చేతికందిన చెంబును గోడకేసి కొట్టాడు.

“బామ్మర్దీ, ఇది మిషను గాదు. ఎవడో మొఖం మీద దిండు పెట్టి ఒత్తినట్టుంటది.”

“కొత్త గదా బావా, ఓర్చుకో. అలవాటైతది” అన్నాను నేను.

ఈ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. పద్నాలుగు గీతలు గీశాను. పద్నాలుగుసార్లూ ఓర్చుకోమనే చెప్పాను.

పద్దెనిమిదో రోజు పొద్దున మాస్కు కడుగుతుంటే ట్యూబు ముక్క అంచు లేచింది. పీకి చూశాను. ఆరు రంధ్రాలు. స్కూలు పిల్లల స్కేలు పెట్టి కొలిచాను. ప్రతి రెండింటి మధ్యా ఒకటే దూరం, అన్నింటిదీ ఒకటే సైజు. ముల్లు లెక్క ప్రకారం గుచ్చుకోదు. స్కేలు పెట్టి ఎలకా కొరకదు. ఇవి ఎవరో కొలిచి మరీ పెట్టిన కంతలు. మాస్కు నేనే పెట్టుకుని, రంధ్రాల మీద వేలు ఒత్తి పట్టుకుని మిషను ఆన్ చేశాను. పదో ఊపిరికల్లా నేను వదిలిన గాలే వెచ్చగా నా ముక్కులోకి తిరిగొచ్చింది. వేలు తీశాను. బుస మొదలైంది, చల్లటి గాలి వచ్చింది.

పుస్తకం పట్టుకుని హైస్కూలు ఇంగ్లిషు సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన పదిహేడో పేజీలో ఆగాడు. వదిలిన ఊపిరి ఈ రంధ్రాల గుండానే బయటికి పోవాలని, వీటిని ఎప్పుడూ మూయకూడదని లావు అక్షరాల్లో ఉందని చదివి చెప్పాడు. బావకు పద్నాలుగు రాత్రులు ఆయన చెడు గాలినే ఆయనకు తాగించామన్నమాట. మేం పాము బుస అనుకున్నది ఆయన ప్రాణం బయటికీ లోపలికీ తిరుగుతున్న చప్పుడు.

ఆ చప్పుడుకు మందు చాలా చిన్నది. గొట్టం మూలను కాస్త తిప్పి, రంధ్రాలు దిండు వైపు కాకుండా గోడ వైపు ఉండేట్టు పెడితే చాలు. తిప్పాం. బుస వినపడీ వినపడనట్టయింది. ఈ ఒక్క ముక్క ఫోన్‌లో చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

అక్కణ్ణుంచి బావకు తలనొప్పి లేదు. పగటి కునుకు పోయింది. కళ్ల ఎరుపు తగ్గింది. ఒకటో తారీఖుకు మంచి రాత్రులు పద్నాలుగు అయ్యాయి. కావలసిన దాంట్లో సరిగ్గా సగం.

హైదరాబాదు బస్సులో బావ నా నోటుబుక్కు మీద చెయ్యి వేశాడు. “బామ్మర్దీ, గీతలు మొత్తం ఇరవై ఎనిమిది ఉన్నయి గదా. ఏ రాత్రి ఎట్లుండెనో డాక్టరుకు ఏం తెలుస్తది?”

“నాకు తెలుసు గద బావా.”

“నీ లెక్క నా కడుపు కొడతది.”

“వెదురు మీద ఐదుగురు కూసుంటరు బావా.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. 

రంధ్రాలు మూసి ఉన్న రాత్రులు ఏవో డాక్టరుకు నేనే చెప్పేశాను. ఆయన నోటుబుక్కు అంతా చూసి, “పద్నాలుగే లెక్క. ఇంకో పద్నాలుగు రాత్రులు వాడి రండి” అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఓనరు మాట ఓనరుది. ఆ సాయంత్రమే తాళాలు వేరే డ్రైవరు జేబులోకి పోయాయి. అక్క నాతో మాట్లాడటం మానేసింది. బావ తరవాత ట్రాక్టరు తోలాడు, ఇప్పటికీ తోలుతున్నాడు. లారీ మాత్రం మళ్లీ ఎక్కలేదు.

దవాఖానా నుంచి ఆ రోజే నేరుగా ఆ కొట్టుకు పోయాను. ఫోన్‌లో విన్న గొంతే కుర్చీలో ఉంది.

“రంధ్రాలు మూయమని మేం చెప్పామా?”

“లీకేజీ చూసి మూసేసుకోమన్నరు.”

“లీకేజీ వేరు, అవి వేరు. మాన్యువల్లో ఉంది.”

“పదిహేడో పేజీల ఉంది. ఇంగ్లిషుల ఉంది. నేను అడిగింది తెలుగుల, మీరు చెప్పింది తెలుగుల.”

ఆయన పక్కవాడి వైపు చూసి, “ఊళ్లవాళ్లకు అమ్మితే ఇదే గొడవ” అన్నాడు. తరవాత సొరుగు లాగి, “సరే, ఎంత కావాలి?” అన్నాడు.

“పద్నాలుగు.”

“పద్నాలుగు వందలా?”

“రాత్రులు.”

నవ్వాడు. నవ్వవచ్చు, ఆయన రాత్రి హాయిగా నిద్రపోయి వచ్చాడు.  సొరుగు మూసెయ్యమన్నాను. ఆయన బల్ల మీది కాగితం మీదే రాసిచ్చాను: ‘ఈ ఆరు రంధ్రాలు మూయకండి.’ మీరు అమ్మే ప్రతి మాస్కు మీదా ఇది అంటించండి, ఇంకేమీ అడగను అన్నాను. “ప్రింటింగ్‌కు ఇస్తాం” అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం నా కళ్లతో చూశాను.

ఇన్నేళ్లలో బావకు మాస్కులు నాలుగు మార్చాం. నాలుగూ ఆ కొట్టు నుంచే తెప్పించాను, కావాలనే. ప్రతిసారీ పెట్టె నేనే విప్పి, లోపలా బయటా, పుస్తకం మధ్యలో కూడా వెతికాను. మొన్న వచ్చిన దాంట్లో ఏవేవో భాషల్లో జాగ్రత్తలున్నాయి, ఎన్నో లెక్కపెట్టాను, తొమ్మిది. తెలుగు లేదు. ఆ కొట్టు మాకు ఇవ్వాల్సింది ఇంకా అంతే ఉంది: నాలుగు మాటలు.