లైన్లో నిలబడ్డ చెప్పులు

ఎన్నికకు ముందురోజు మధ్యాహ్నం రెండూ యాభైకి పోలీసు వ్యాను నన్ను ఆ ఊరి బడి ముందు దింపింది. మదురై దగ్గరి తిరుమంగళానికి నైరుతిగా పద్నాలుగు కిలోమీటర్లు. నల్లరేగడి నేల. పత్తి తీసేసిన చేలు బీటలు వారి ఉన్నాయి. గాలి లేదు. నా దగ్గర ఒక లాఠీ, ఒక విజిలు, చేతికి కట్టుకునే పట్టీ, రెండు లీటర్ల నీళ్ల సీసా, ఒక దుప్పటి ఉన్నాయి. తుపాకీ లేదు.

సైన్యంలో ఇరవై రెండేళ్లు పనిచేసి హవల్దారుగా బయటికి వచ్చాను. ఎన్నికలప్పుడు పోలీసులు చాలక మాలాంటి వాళ్లను రెండు రోజులకు పిలుస్తారు. అంతకుముందు నేను ఎన్నికల డ్యూటీ చేసింది మంచు కొండల్లో. అక్కడి బంకరులో మా సుబేదారు ఒక మాట చెప్పేవాడు: "గేటు దగ్గర నిలబడ్డవాడికి కళ్లుండాలి. నోరుండకూడదు."

బడికి రెండు గదులు, వరండా, ఇనుప గేటు. గేటు నుంచి వంద మీటర్లు కొలిచి రోడ్డు మీద సున్నంతో గీత గీశాం. నాతో ఒక హెడ్ కానిస్టేబులు. వైర్‌లెస్ సెట్టు అతని దగ్గర ఉండేది. లోపల ప్రిసైడింగ్ ఆఫీసరు, మదురైలో లెక్కల టీచరమ్మ. ఆమె సాయంత్రం మమ్మల్ని పిలిచి రూలు చదివింది. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు ఓటింగు. సరిగ్గా ఆరుకు గేటు మూయాలి. అప్పటికి లోపల లైన్లో ఉన్నవాళ్లకు చివరి మనిషితో మొదలుపెట్టి టోకెన్లు ఇవ్వాలి. టోకెను ఉంటే ఎంత ఆలస్యమైనా ఓటు వేయొచ్చు. ఆరు దాటి వచ్చినవాళ్లను రానివ్వకూడదు.

ఆ ఊరంతా తెలుగువాళ్లే. వందల ఏళ్ల కింద వచ్చి స్థిరపడ్డవాళ్లు. పిల్లలు బడిలో తమిళం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వ్యవసాయం చేసే ఇళ్లవాళ్లది పెద్ద వీధి. ఊరి చివర కాలనీ. కాలనీ వాళ్లు క్రైస్తవులు. ఆదివారం చర్చికి పోతారు. పెద్ద వీధిలో చావు జరిగితే డప్పుకు మగవాళ్లు, ఏడుపు పాటలకు ఆడవాళ్లు వెళ్తారు. అది తాతల నాటి కట్టు. నాదీ వాడిపట్టి పక్కన అలాంటి ఊరే. మాదీ పెద్ద వీధే.

మర్నాడు తెల్లవారుజామున ఐదుకు డప్పు మొదలైంది. హెడ్ కానిస్టేబులు లేచి కూర్చుని, "ఏ పార్టీవాళ్లయ్యా, ప్రచారం నిన్ననే ఆగిపోవాలి కదా," అన్నాడు. పార్టీ కాదు. పెద్ద వీధిలో ఒక ముసలామె చనిపోయింది.

ఏడుకు గేటు తీశాను. మగవాళ్లకు ఒక లైను, ఆడవాళ్లకు ఒక లైను. ఏడూ పదికి ఓటేసి బయటికి వచ్చిన ఒక అమ్మాయి నా ముందు ఆగింది. ఇరవై ఏళ్లుంటాయి. భుజాన బ్యాగు. నేను మా ఆవిడతో ఫోన్లో మాట్లాడటం విన్నట్టుంది.

"సార్ తెలుగా? ఏ ఊరు?"

చెప్పాను.

"ఇంటిపేరు అడగను లెండి. అడిగితే మీరు పెద్ద వీధి పక్కకు పోతారు," అని నవ్వింది.

ఆమె తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో కుట్టుపని చేస్తుంది. అది ఆమె మొదటి ఓటు. కానీ బస్సెక్కి వచ్చింది తన ఓటు కోసమే కాదు.

"మా యమ్మకు యాబై రెండు సార్. ఇంతదాకా ఒక్క ఓటు ఎయ్యలే. ఒకసారి లిస్టులో పేరు లే. ఒకసారి కార్డు లే. ఈసారి నేనే ఆపీసు సుట్టూ తిరిగి కార్డు తెచ్చినా. ఇప్పుడు సూస్తే సావు. ఎప్పుడు ఎత్తుతారో తెలుసునా సార్?"

"నాకేం తెలుసమ్మా."

చావింటికి వెళ్లిన కాలనీ వాళ్లు పదకొండు మంది. డప్పుకు ఏడుగురు, పాటకు ఆ అమ్మాయి తల్లితో కలిపి నలుగురు. శవం ఇంట్లో ఉన్నంతసేపు డప్పు ఆగకూడదు. ఆ అమ్మాయి పెద్ద వీధికి వెళ్లి, ఇద్దరిద్దరిగా పంపమని అడిగి వచ్చింది. చనిపోయినామె కొడుకు ఇచ్చిన జవాబు నాతో చెప్పింది. "ఇద్దరు పోతే మేళం పలసబడతాదంట సార్. సచ్చినామెకు మర్యాద గాదంట. ఆమెకు ఓటు లే గానీ మర్యాద ఉండాది."

పెద్ద వీధి వాళ్లు వంతులవారీగా వచ్చి ఓట్లు వేసి వెళ్తూనే ఉన్నారు.

ఒకటిన్నరకు నాకు అరగంట విరామం. చావింటికి నడిచి వెళ్లాను. పందిరి కింద కొడుకు నా పక్కన కూర్చున్నాడు. ఊరు, ఇంటిపేరు అడిగాడు. చెప్పగానే వరస కలిపాడు.

"అట్లయితే మీరు నాకు మామ గావాలి. ఏం మామా, ఈ ఎండలో డూటీ!"

"ఎప్పుడు ఎత్తుతారు?"

"అమ్మ పుట్టింటి సీర రావాల మామా. మేనమామ కోయంబత్తూరు నుంచి వస్తాండాడు. నాలుగు దాటతాది."

పుట్టింటి చీర కప్పకుండా ఆడమనిషిని ఎత్తరు. మా ఊళ్లోనూ అంతే. ఆలస్యం నిజమో, కావాలని చేసిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. నలుగురు ఆడవాళ్లు శవం పక్కన నేల మీద కూర్చుని పాడుతున్నారు. వాళ్లలో ఆ అమ్మాయి పోలికలున్న ఒకామె నన్ను చూసి, పాట ఆపకుండానే చేతులు జోడించింది. వీళ్లను పది నిమిషాలు పంపండి అని నేను అనాలి. మామ వరసలో అనొచ్చు. "సరే," అని లేచాను. రెండింటికి గేటు దగ్గర ఉన్నాను.

నాలుగైంది. చీర రాలేదు. అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వలేదు.

"ఆరుకు మూసేస్తారా సార్?"

"ఆరులోపల లైన్లో ఉంటే చాలు. టోకెను ఇస్తారు. ఆ తర్వాత ఎంతసేపైనా ఎయ్యొచ్చు."

నేను చెప్పింది రూలు. అందులో తప్పు లేదు.

ఐదుకు ఆమె రెండు సంచులతో వచ్చింది. లోపలికి పోవాలంది. హెడ్ కానిస్టేబులు సంచులు వెతికాడు. చెప్పులు. పదకొండు జతలు. కాలనీ వాళ్లు పెద్ద వీధిలో చెప్పులు వేసుకుని నడవరు. వాటిని వీధి మొదట్లో వదిలి వెళ్తారు. ఆమె తల్లికి చెప్పి అవే తెచ్చింది. మగవాళ్ల లైను చివర ఏడు జతలు, ఆడవాళ్ల లైను చివర నాలుగు జతలు పెట్టింది.

రేషను షాపు దగ్గర మా వైపు అంతే చేస్తాం. కిరసనాయిలు డబ్బానో, సంచో, రాయో, చెప్పులో లైన్లో పెట్టి పనికి వెళ్తాం. ఎవరూ వాటిని దాటి ముందుకు పోరు. వస్తువు నిలబడితే మనిషి నిలబడినట్టే. నేనూ ఎన్నోసార్లు పెట్టాను. అందుకే నాకు వింతగా తోచలేదు. హెడ్ కానిస్టేబులు మాత్రం, "చెప్పులకు కూడా ఓటు ఇచ్చారా?" అని నవ్వి సెట్టు దగ్గరికి వెళ్లిపోయాడు.

ముందు మనుషులు కదిలినప్పుడల్లా అమ్మాయి వంగి చెప్పులను ముందుకు జరిపింది. ఆడవాళ్ల వైపు లైను వంకరపోయింది. లైను నేరుగా ఉంచడం నా డ్యూటీ. లాఠీ కొసతో ఆ నాలుగు జతలను సరిచేశాను. అన్నిటి ముందు ఉన్నవి నీలం రబ్బరు చెప్పులు, ఒకదాని పట్టీకి పిన్నీసు.

"అవే మా యమ్మవి," అంది.

ఐదూ నలభైకి డప్పు దరువు మారింది. శవాన్ని ఎత్తారు. ఆడవాళ్లు వీధి చివరిదాకా పోయి ఆగిపోతారు. మగవాళ్లు శ్మశానం దాకా పోవాలి. అమ్మాయి నా వైపు చూసింది.

"మా యమ్మ ఇట్లే వచ్చేస్తాది. నేను పోయి మా మామోళ్లను సీక్రమా తెస్తాను. చెప్పులు సూసుకోండి సార్."

తలూపాను. ఆమె శ్మశానం దారిన పరుగెత్తింది.

ఐదూ యాభై రెండుకు సెట్టులో మా బూతు నంబరు పిలిచారు. హెడ్ కానిస్టేబులు జవాబిచ్చాడు. "అంతా శాంతం. గొడవ లేదు. ఓవర్." లైన్లలో చివరి మనుషులు లోపలికి వెళ్లిపోయారు. వరండా ముందు చెప్పులే మిగిలాయి.

ఐదూ యాభై తొమ్మిదికి టీచరమ్మ టోకెన్లు పట్టుకుని వచ్చింది. నేల వైపు చూసింది.

"ఏంటివి?"

"పదకొండు మంది వస్తారమ్మా. లైను పెట్టి వెళ్లారు."

"చెప్పులకు టోకెను ఎలా ఇస్తానండీ? మనుషులు ఉండాలి." ఆమె కోపంగా అనలేదు. వాచీ చూసుకుంది. "బయట ఎవరైనా వస్తున్నారా?"

రోడ్డు వైపు చూశాను. సున్నపు గీత దాటి నలుగురు ఆడవాళ్లు వస్తున్నారు. ఎనభై మీటర్లు. ముందు ఆ అమ్మాయి తల్లి. తడి కొంగుతో మెడ తుడుచుకుంటూ, చెప్పుల్లేని కాళ్లతో నడుస్తోంది. పరుగెత్తడం లేదు. ఆమె ఎందుకు పరుగెత్తాలి? చెప్పులు లైన్లో ఉన్నాయి.

ఒక్క కేక వేస్తే పరుగెత్తేది. విజిలు నా నోటి దగ్గరే ఉంది.

"లైన్లో ఎవరూ లేరమ్మా," అన్నాను.

ఆరైంది. విజిలు ఊదాను. గేటు మూసి గొళ్లెం వేశాను.

వాళ్లు గేటు దగ్గరికి వచ్చి ఆగారు. తల్లి ఊచల్లోంచి లోపలికి చూసి తన చెప్పులు గుర్తుపట్టింది. వేలితో చూపించింది.

"అదో సామి, ఆ నీలంవి నావి. ముందర్నే ఉండాయి."

"టైం అయిపోయిందమ్మా."

ఆమె వేలు దించింది. "సరి సామి. చెప్పులన్నా ఇవ్వండి," అంది.

ఒక్కో జత గేటు సందులోంచి ఇచ్చాను. ఆమె కాళ్లకు వేసుకోలేదు. చేతిలో పట్టుకుంది. తిరిగి పోయే దారి పెద్ద వీధి గుండానే.

ఆరుంపావుకు అమ్మాయి ఏడుగురు మగవాళ్లతో వచ్చింది. భుజాలకు డప్పులు. మూసిన గేటు చూసింది. తల్లి చేతిలో చెప్పులు చూసింది. అరవలేదు. గేటు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"లైను నేరుగా సరిచేసింది మీరే గదా సార్?"

గేటు దగ్గర నిలబడ్డవాడికి నోరుండకూడదు. ఏడూ ఇరవైకి యంత్రాలకు సీలు వేశారు. హెడ్ కానిస్టేబులు చివరి రిపోర్టు ఇచ్చాడు. శాంతం. గొడవ లేదు. నేను సంతకం పెట్టాను. మర్నాడు ఉదయం తొమ్మిది బస్సుకు ఇల్లు చేరాను. "ఓటింగు ఎట్లా నడిచింది?" అని మా ఆవిడ అడిగింది. "శాంతంగా," అన్నాను.

మంచు కొండల్లో చూసినవి చాలా మరిచిపోయాను. పేర్లు పోయాయి, ముఖాలు పోయాయి. ఇది పోలేదు. సాయంత్రం ఎండలో రోడ్డు మధ్య ఒకామె చెప్పులు లేకుండా వస్తూ ఉంటుంది. గేటు తెరిచే ఉంటుంది. ఆమె తొందరపడదు.