తోటకు రెండు అంచులు

మా పాపకు ఉయ్యాల కట్టాలని కొత్త నేతచీర మడత విప్పగానే గుప్పున గంజి వాసన వచ్చింది. ఎమ్మిగనూరులో మా వీధంతా ఆ వాసనే ఉండేది. తెల్లవారకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు, ఎండాకాలం వీధి పొడవునా సాగదీసి గంజి పెట్టిన పడుగు దారాలు, వాటి కింద దూరి మేమాడే దాగుడుమూతలు, ఉగాదికి అమ్మ చేసే భక్ష్యాలు, పీర్ల పండుగకు పక్కింటి బీబమ్మ పంపే తియ్యటి చోంగెలు, అన్నిటికీ ఆ వాసన అంటుకునే ఉండేది.

తొమ్మిదో తరగతిలో నాన్న తేల్చి చెప్పాడు. "ఈతూరి గూడా లెక్కల్లో తప్పితే సదువు సాలు. ఇంట్లో కూర్చోని నూలు కండెలు సుట్టు."

బీజగణితం నాకు కొరుకుడు పడేది కాదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన లెక్కల సారు, పుస్తకంలోని పూలతోటలు మేమెన్నడూ చూడలేదని గ్రహించి, అన్నిటినీ మా ఇళ్లలోని వస్తువులుగా మార్చి చెప్పేవాడు. తోట చుట్టూ ఉన్న బాట వెడల్పు కనుక్కునే లెక్క వచ్చినప్పుడు, "తోటను చీర అనుకోండి, బాటను అంచు అనుకోండి, ఆ అంచు వెడల్పు ఎక్స్" అన్నాడు. మొదటిసారి ఎక్స్ నా కళ్లకు కనబడింది. పరీక్షలో అదే లెక్క వచ్చింది. చీరకు అంచు రెండు పక్కలే కదా అని వెడల్పుకు రెండు ఎక్స్‌లు కలిపి, పొడవును ముట్టుకోకుండా వదిలేశాను. నేతపని ఇళ్ల పిల్లలమంతా అలాగే చేశాం. నేను లెక్కల్లో తప్పాను.

మార్కులు చెప్పిన సాయంత్రం సారు మా ఇంటికే వచ్చాడు. "పాప తప్పేం లేదండి. చీర అనుకోమన్నది నేనే. బాటేమో తోటకు నాలుగు పక్కలా ఉంటుంది."

నాన్న మగ్గం గుంతలోంచి లేవలేదు. "సీరకు నాలుగు పక్కలా అంచు యాడన్నా ఉంటాదా సార్? మా పాప సరిగ్గానే ఏసింది. మీ తోటనే ఎవరో సరిగ్గా నెయ్యలేదప్పా."

సారు నవ్వాలో వద్దో తెలియక జేబులోంచి దస్తీ తీసి, దాని నాలుగు అంచులూ చూపించాడు.

"అది దస్తీ గదా! దస్తీ అని ముందే సెప్పకపోతిరే సార్?" అని నాన్న నావైపు తిరిగాడు. "రేపు బడికి పో పాపా."

నా చదువు ఆగకుండా సాగింది సారు పొరపాటు వల్లనా, నాన్న మొండితనం వల్లనా, నా తప్పు జవాబు వల్లనా, ఇప్పటికీ నాకు తేలలేదు. నాన్న లేడు. మగ్గం గుంత పూడ్చి బండలు పరిచారు. ఆదోని బడిలో ఇప్పుడు ఆ లెక్క నేనే చెబుతున్నాను. పత్తి మిల్లు కూలీల పిల్లలు, దర్జీల పిల్లలు, ఇంట్లో కన్నడం మాట్లాడే హొళగుంద ఊరి పిల్లలు నా ముందు కూర్చుంటారు. ఎవరికి దేన్ని చూపాలో తోచక తోటను తోట అనే చెప్పాను. ఇవ్వాళ దిద్దిన పేపర్లలో ఒక పిల్ల తోటకు మూడు పక్కలే బాట వేసింది. తప్పు గుర్తు వేయబోయి చెయ్యి ఆపాను. ఆ పిల్ల దేన్ని తలుచుకుని వేసిందో, ఈ మార్కుల కోసం వాళ్లింట్లో ఎవరు ఏ మాట తేల్చి చెప్పారో, నాకేం తెలుసు?