దూది లేని ఎర

మా పెరటి గదిలో బీరమ్మ వాళ్ళు కిరాయికి దిగి చాలా ఏళ్ళయింది. వాళ్ళను ఖాళీ చేయించాలని నేను అనుకోని శనివారం లేదు. ఆ రోజు పొద్దున్నే, నూనె తీయగా మిగిలిన పల్లిచెక్క ఉడికే వాసన మొదలవుతుంది. మెట్లెక్కి నా పూజగదిలోకి, ఆరేసిన చీరల్లోకి, ఆఖరికి నేను తాగే చాయ్‌లోకి కూడా వచ్చేస్తుంది. నాలుగు దులిపేద్దామని కిందికి దిగుతాను. బీరమ్మ పిండి చేతులతోనే పీట జరిపి "కూసో అక్క" అంటుంది. కూర్చుంటాను. చిక్కడపల్లి మొత్తంలో నా నోటికి భయపడనిది ఆమె ఒక్కతే.

పాలమూరు వైపు నుంచి బిల్డింగ్ పనులకని వచ్చిన జంట. ఆమె మొగుడు కృష్ణయ్య అశోక్‌నగర్‌లో పరంజా మీది నుంచి పడి నడుము పోగొట్టుకున్నాడు. బరువులెత్తే పని ఇక లేదన్నారు డాక్టర్లు. ఏడాది పాటు గోడవైపు తిరిగి పడుకున్నాడు మనిషి. పలకడు, తినడు. ఆ ఏడాది మాట వస్తే ఇప్పటికీ బీరమ్మ మాట మార్చేస్తుంది.

అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు కదా, వాళ్ళలో కొందరు ఆదివారం వస్తే పుస్తకాలు పక్కన పడేసి, గాలాలు పట్టుకుని ఊరి బయటి చెరువులకు పోతారు. ఒకరోజు నీళ్ళ కోసం మా పెరట్లోకి వచ్చిన వాళ్ళ చేతిలోని ఎర చూసి కృష్ణయ్య నవ్వాడట. "గిది చేప తింటదా? మా ఆమెతోని చేపిస్త, తీస్కపోండ్రి" అన్నాడట. అలా లేచి కూర్చున్నాడు. కలిపేది బీరమ్మ, అమ్మేది ఆయన. శనివారం సాయంత్రం నారాయణగూడ ఫుట్‌పాత్ మీద బుట్ట పెట్టుకుని కూర్చుంటే చీకటి పడేలోపు ఖాళీ అయ్యేది.

గోధుమపిండి, దంచిన పల్లిచెక్క, ఉడికిన ఆలుగడ్డ, కాస్త బెల్లం, సోంపు పొడి. ఆవిరి పట్టి, వేడి వేడిగా ఉన్నప్పుడే పిసకాలి. అన్నిటికంటే ముఖ్యం దూది. పోగులు విడదీసి పిండిలో కలిపితేనే ఉండ గాలాన్ని పట్టుకుని ఉంటుంది. లేదంటే నీళ్ళలో పడగానే కరిగిపోతుంది. చేప హాయిగా పిండి తినేసి తన దారిన తాను పోతుంది. చేపలు పట్టని నాకు ఇదంతా ఎందుకు తెలుసంటే, ఆ పీట మీద అన్ని శనివారాలు కూర్చున్నాను కాబట్టి.

వాళ్ళకు ఒక్కతే కూతురు, భాను. అంబర్‌పేట్‌లో ఇచ్చారు. అల్లుడు ఆటో నడుపుతాడు, మంచివాడు. భానుకు రెండుసార్లు కడుపు నిలబడలేదు. రెండుసార్లూ నాలుగో నెలలోనే పోయింది. మూడోసారి నెల తప్పగానే డాక్టరమ్మ మంచం దిగొద్దంది, తల్లిగారింటికి తీసుకొచ్చారు. బీరమ్మకు నిద్ర కరువైంది. ఎవరో చెబితే గాంధీనగర్‌లో ఒక పంతులు దగ్గరికి అల్లుడి ఆటోలో వెళ్ళింది. పురుడయ్యేదాకా మంగళవారం మంగళవారం చేపలకు గోధుమపిండి ఉండలు వేయమన్నాడు ఆయన. నీ చేతుల మీదుగా ఒక్క చేప ప్రాణం పోకూడదు అని కూడా అన్నాడు.

ఈమె బతికేదే చేపల ఎర మీద. ఆ పంతులు ఏమీ అడక్కుండా ఎలా చెప్పాడో, నాకు చెడ్డ కోపం వచ్చింది.

ఆ తర్వాత శనివారం నేను కిందికి దిగేసరికి పిండి ముద్ద సిద్ధంగా ఉంది. దూది మూట విప్పకుండా గూట్లోనే ఉంది.

"దూది మరిచిపోయినవా?"

బీరమ్మ తలెత్తలేదు. "మరువలే అక్క."

పంతులు మాట గుర్తొచ్చి నాకు అర్థమైంది. "ఓసి నీ... డబ్బులిచ్చి కొనుక్కునే పిల్లలు నీ మొక్కు తీర్చుతున్నరా? ఇది మోసం కాదా?"

"మోసమే. ఆ పాపం నేను పడ్త. చేప పాపం పడితె నా బిడ్డకు తగుల్తది."

"పోనీ కృష్ణయ్యతో చెప్పి పురుడయ్యేదాకా బంద్ పెట్టు."

"చెప్తె ఇయ్యాల్నే బంద్ పెడ్తడు. మళ్ళ ఆ గోడకే తిరుగుతడు. ఇటు బిడ్డను సూడాల్నా, అటు ఆయన్ను సూడాల్నా? నీ కాళ్ళు మొక్కుత, ఎవ్వలకు చెప్పకు."

చెప్పలేదు. తిట్టడం వేరు, చెప్పడం వేరు.

రెండు మూడు వారాలు గడిచాయి. అఖిల్ అని, హాస్టల్ పిల్లల్లో వాగుడుకాయ ఒకడున్నాడు, మా గేటు దాకా వచ్చేశాడు. "కాకా, నీ ఎర చాయ్‌ల బిస్కెట్ లెక్క కరుగుతున్నది. మేం చేపలు పట్టనీకి పోతున్నమా, టిఫిన్ పెట్టనీకి పోతున్నమా?"

"ఎండలకు నీళ్ళు ఉడుకుతున్నయ్ బిడ్డ. జర చల్లబడనియ్" అన్నాడు కృష్ణయ్య.

వానలు పడ్డాయి, నీళ్ళు చల్లబడ్డాయి. ఈసారి కొత్తనీళ్ళని చెప్పాడు, చేపలు అడుగుకు పోయాయని చెప్పాడు. కొనేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. శనివారం బుట్ట నిండుగా వెళ్ళి సగం నిండుగా తిరిగొచ్చేది. ఆదివారాలు కృష్ణయ్య తనూ చెరువుకు గాలం పట్టుకుపోయేవాడు, అది కూడా మానేశాడు, నడుం నొప్పి అన్నాడు. ఇంత అమాయకుడేమిటి ఈ మనిషి అని నాకు ఒళ్ళు మండేది. బీరమ్మ ముఖం చూస్తే ఆ మంట ఆరిపోయేది.

నాలుగో నెల దాటింది. ఐదు దాటింది. బీరమ్మ కాస్త ఊపిరి పీల్చుకుందో లేదో, భానుకు తిండి సయించడం మానేసింది. ఏం తిన్నా వాంతే. బిడ్డ బరువు పెరగడం లేదని డాక్టరమ్మ గట్టిగా కేకలేసింది. ఏం తింటావో చెప్పవే, ఏదైనా చేసి పెడతానని బీరమ్మ బతిమాలితే, భాను నోరు విప్పి అడిగింది.

"నాయిన పట్టిన బొచ్చె చేప పులుసు తినాలని ఉన్నదమ్మా."

రాంనగర్ మార్కెట్ నుంచి చేప తెచ్చి వండింది బీరమ్మ. ఐసు వాసన కొడుతోందని భాను ముద్ద కూడా మింగలేకపోయింది. ఆదివారం కృష్ణయ్య గాలం, మిగిలిన ఎర పట్టుకుని చెరువుకు వెళ్ళాడు. ఖాళీ చేతులతో వచ్చాడు. "పడలే బిడ్డ" అని గుమ్మంలోనే నిలబడిపోయాడు. భాను గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు తెల్లవారగానే వాసన వచ్చింది. సోమవారం ఏమిటీ వాసన అని గబగబా దిగాను. బీరమ్మ పిండి పిసుకుతోంది. పక్కన దూది మూట విప్పి ఉంది. కళ్ళు తుడుచుకునే వీలు లేక భుజానికి రాసుకుంటోంది. పీట నేనే జరుపుకుని కూర్చున్నాను.

కృష్ణయ్య వచ్చి ముద్ద అందుకున్నాడు. కొంచెం తుంచి వేళ్ళ మధ్య సాగదీశాడు. తెల్లటి పోగులు సాగాయి. భార్య వైపు చూశాడు.

"ఇయ్యాల దూది ఎందుకేసినవే?"

బీరమ్మ చేతులు ఆగిపోయాయి.

"నీకు ఎర్కనా?"

"ఇన్నేండ్ల సంది ముడుతున్న ఈ పిండిని. దూది లేదని చేతికి తెల్వదా? గాంధీనగర్ పంతులు దగ్గరికి పోయినవని అల్లుడు చెప్పిండు."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె నాకోసమని మళ్ళ దూది ఏస్తవ్. నడవనీ అనుకున్న."

అమాయకుడన్నాను నేను ఇన్నాళ్ళూ. ఆ పోరగాళ్ళ మాటలన్నీ తెలిసే పడ్డాడు, తెలిసే ఎండల మీదికి, వానల మీదికి నెట్టాడు. నాకు చెంప పగలగొట్టినట్టయింది.

ఆయన ఆ ముద్ద తీసి పక్కన పెట్టాడు. గిన్నెలో కొత్తగా గోధుమపిండి పోసుకున్నాడు. బీరమ్మ నీళ్ళ చెంబు అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముట్టకు. మొక్కు నీది. నువ్వు చూడను గూడ చూడకు, పో."

ఆ మనిషి జన్మలో పిండి కలిపి ఎరగడు. నీళ్ళెక్కువై జారిపోయింది, ఇంకాస్త పిండి పోశాడు, ఉండలు కట్టింది. నడుము వంగక గోడకు ఆనుకుని, గిన్నె కాళ్ళ మధ్య పెట్టుకుని పిసికాడు. దూది కుప్పగా వేసేశాడు. కాదు, అలా కాదు అనబోయి బీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను లేచి ఆమెను బయటికి తీసుకొచ్చాను.

సాయంత్రానికి బొచ్చె తెచ్చాడు, జానెడు కంటే కాస్త పెద్దది. తనే తోమాడు, తనే కోశాడు, పొయ్యి మీద కూడా తనే పెట్టాడు. ఉప్పు ఎక్కువైందట. భాను మారు పెట్టించుకుని మరీ తింది. చాన్నాళ్ళకు ఆ గదిలోంచి దాని నవ్వు వినపడింది.

బీరమ్మ లోపలికి వెళ్ళలేదు. నల్లా దగ్గర నా పక్కనే నిలబడి ఆ నవ్వు వింటోంది. నా చెయ్యి పట్టుకుంది.

"అక్క, చేప పాపం ఆయన మీదేసుకున్నడు. బాగనే ఉన్నది. కానీ ఆయన గూడ నా బిడ్డకు తండ్రే గద, తగలదా?"