సిద్ధరాములు నిమిషం

ఫోటో తీయడానికి సిద్ధరాములుకు కెమెరా, గాజుపలక, నల్లగుడ్డ ఉంటే చాలదు. ఎదుటివాళ్ల ఓపిక పూర్తిగా అయిపోవాలి. "ఇంకొక్క నిమిషం" అంటూ నల్లగుడ్డలో దూరాడంటే, సోలాపూర్ అశోక్ చౌక్‌లోని ఆయన కొట్టుకు పాకుతూ వచ్చిన పిల్ల నడుచుకుంటూ వెళ్లాల్సిందే. ఒక పెళ్లికొడుకు నిలబడే నిద్రపోయాడు.

"నీ నిమిషం ఏ గడియారంలదయ్యా?" అనేది భార్య శాంత, బీడీలు చుడుతూ.

పంతొమ్మిది వందల యాభై నాలుగులో, పార్కులో, చింతచెట్టుకు మనిషెత్తున ఉన్న తొర్రలో గుడ్లగూబ కాపురం పెట్టింది. ఆ సంగతి నలుగురికీ తెలిసిన వారమే కిష్టయ్య మగ్గం మీద మూడుసార్లు పోగులు తెగాయి. నూలు నాసిదేమోనని ఎవరికీ తోచలేదు. పిట్ట పనేనని తేల్చి, పదిమంది రాళ్లు పట్టుకుని బయల్దేరారు.

అప్పటికే సిద్ధరాములు చెట్టు ముందు కెమెరా నిలబెట్టి ఉన్నాడు. సోలాపూర్‌లో "కదలొద్దు" అంటే కదలని ప్రాణి ఒకటి దొరికిందని రెండు రోజులుగా ఆయన మురిసిపోతున్నాడు. చాయ్ తెచ్చిన శాంత ఆ రాళ్లు చూసి అక్కడే ఆగిపోయింది.

"జరుగు సిద్ధరాములూ, దాన్ని గొడతం!" అన్నాడు కిష్టయ్య.

"కొట్టున్రి మామా. గని ముందుగాల ఫోటో. షికారుకు పోయిన దొరల లెక్క చెట్టు కింద నిలవడున్రి."

పదిమందీ మీసాలు సవరించుకున్నారు. కిష్టయ్య ఇంటికి మనిషిని పంపి కోటు తెప్పించుకున్నాడు.

"చేతులల్ల రాళ్లుంటే కోటు గుండీలు కనవడయి మామా."

రాళ్లు కిందపడ్డాయి.

"గదువ పైకి. ఇంకొక్క నిమిషం."

నాలుగున్నర. అయిదు. "అరే, లవకర్ కర్ నా!" అని గుంపులోని అంబాదాస్ మరాఠీలో తొందరపెట్టాడు. కిష్టయ్యకు కాళ్లు తిమ్మిరెక్కాయి. అయిదున్నరకు తొర్రలో కదలకుండా కూర్చున్న తల్లి పక్కనుంచి గుడ్లగూబ పిల్ల తల బయటపెట్టి, మెడ వంచి, కిష్టయ్యను ఎగాదిగా చూసింది.

"ఓర్నీ, అచ్చం మా అత్త లెక్కనే చూస్తున్నది!" అన్నాడు కిష్టయ్య, తల తిప్పి చూసి.

అందరూ పకపకా నవ్వారు. టక్కుమంది కెమెరా.

వారానికల్లా ఫోటో కొట్టు గోడకెక్కింది: మధ్యలో తల్లీపిల్లా, చుట్టూ పదిమంది నవ్వుతూ, అచ్చం పెళ్లి గ్రూపు ఫోటోలా. ఆ తర్వాత ఎవడో రాయి అందుకుంటే కిష్టయ్యే అరిచాడట: "ఏయ్, ఆగు! అది మా ఫోటోల ఉన్నది!"

శాంత భర్తను నిలదీసింది. "నాలుగింటికే ఎండ మంచిగుండె గద. ఎందుకాగినవ్?"

"ఎండ కోసం కాదు. మామ మొఖం మీదికెళ్లి కోపం దిగాలె గద."

శాంత గోడ వైపు చూసింది. ఎందరో పెళ్లికూతుళ్లు. అందరూ బెదురుతూ కొట్టులోకొచ్చినవాళ్లే. ఫోటోలో బెదురుతున్నది ఒక్కతీ లేదు. వాళ్ల మధ్య తనదీ ఉంది. వేరే సంబంధానికి పంపాలని తన నాయిన తీయించిన ఆ ఫోటోను సిద్ధరాములు ఇవ్వనేలేదు, అది గోడ దిగనేలేదు.

"లే, అన్నం చల్లారుతున్నది."

"ఇంకొక్క నిమిషం," అంది నల్లగుడ్డ.

ఈసారి ఆమె వెంటనే తిట్టలేదు. నిమిషం ఆగి తిట్టింది.