గొలుసు కనకయ్య కాక, నా నూట యాభై గజాలు

ముందే చెప్పుకుంటున్నాను, నాకు రాయడం రాదు. నాలుగో తరగతి దాకా చదివి బీడీలు చుట్టడానికి కూర్చున్న దాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడబడతాను. తప్పులు కనిపిస్తే నవ్వుకోండి కానీ చదవడం ఆపకండి. రాయకుండా ఉండలేకపోతున్నాను. మొన్న మా పక్క జాగలో పునాది తవ్వుతుంటే గడ్డపార భూమిలో దేనికో తగిలి ఠంగుమంది. పప్పు ఎనుపుతున్న దాన్ని గరిటె చేతిలోనే పట్టుకుని బయటికి ఉరికాను. మామూలు రాయికి తగిలితే చప్పుడు పక్కకు జారిపోతుంది. నిలువుగా పాతిన రాయికి తగిలితే లోపలిదాకా పోయి మోగుతుంది. "ఆగుండ్రి, తియ్యకుండ్రి, అది హద్దురాయి!" అని అరిచాను. మట్టి తీసి చూస్తే అదే. మేస్త్రీ నన్ను వింతగా చూసి, "నీకెట్ల ఎరుకమ్మా?" అన్నాడు. కనకయ్య కాక చెప్పాడు కాబట్టి ఎరుక. మీలో ఎవరూ ఆయనను చూసి ఉండరు. అందుకని ఆయన గురించి రాస్తున్నాను.

అప్పుడు మేము జగిత్యాలలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. గోడ అవతల గదిలో కనకయ్య కాక, ఆయన భార్య రాజవ్వ. కాక సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు గొలుసు లాగాడు. భూములు కొలిచేటప్పుడు సర్వేయరు ఒక దిక్కు నిలబడితే, ఇనుప గొలుసు పట్టుకుని ముళ్లలో, బురదలో నడిచేది ఆయనే. అందుకే ఊరంతా గొలుసు కనకయ్య అనేది. ఆయనకు ఒక్క అక్షరం రాదు. కానీ ఎక్కడికి పోయినా అడుగులు లెక్కపెట్టేవాడు. పెళ్లికి పోతే ఏం వడ్డించారో చెప్పడు, పందిరి ఎన్ని గజాలో చెప్పేవాడు. ఒకసారి రాజవ్వ బాయి దూరమైందని గొణిగితే, "నూట పన్నెండు అడుగులే గదనే, ఎందుకు మొత్తుకుంటవ్?" అన్నాడు. "ఉత్తచేతుల నడిస్తె నూట పన్నెండు. బిందె నెత్తిన వెట్టుకొని నడిసి ఎన్నో చెప్పు!" అంది రాజవ్వ. కాక నిజంగానే బిందె ఎత్తుకుని నడిచి వచ్చి, "నూట నలభై మూడు. నువ్వే కరెక్టు" అని ఒప్పుకున్నాడు. వాడకట్టంతా నవ్వింది. ఆయన తనకు తెలియనిది ఒప్పుకోవడానికి సిగ్గుపడడని ఆ రోజే చూశాను.

మా ఆయన భివండిలో మగ్గాల మీద పని చేసేవాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఆరేళ్లలో నాలుగు గదులు మారాము. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని, ట్రంకుపెట్టె, తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని కొత్త గది కోసం తిరిగేదాన్ని. ఎట్లయినా ఒక తునక జాగ కొనాలి, మమ్మల్ని ఎవరూ లేవమని అనకూడదు. ఇదొక్కటే నా మనసులో ఉండేది. ఆయన పంపిన పైసలూ నేను బీడీల మీద దాచినవీ కలిపి ఒక్కసారికి సరిపోతాయి. అవి పోతే మళ్లీ కూడబెట్టే ఓపిక మాకు లేదు.

పట్వారీలు పోయి మండలాఫీసులు కొత్తగా వచ్చిన రోజులవి. జాగల బేరాలు చేసే సత్తయ్య అనే అతను ఎండాకాలంలో మా బీడీల కార్ఖానాకు వచ్చాడు. ఊరి అంచున చదునుగా, చాప పరిచినట్టున్న భూమి చూపించాడు. సున్నం కొట్టిన రాళ్లు వరుసగా పాతి ఉన్నాయి. ధర చూస్తే నా గుండె ఎగిరి గంతేసింది. అక్కడ పొయ్యి, ఇక్కడ మల్లెచెట్టు అని నిలబడ్డచోటే ఇల్లు కట్టేసుకున్నాను. "అక్కా, జల్ది చెప్పాలె. పొద్దుగూకితె గీ మూలది సుత ఉండది. తెల్లకాగితం మీద రాసిస్త, సాక్షులను పెడ్త. రిజిస్ట్రేషన్ ఎనుక జూస్కుందాం. మన దిక్కు అందరు గట్లనే కొంటున్రు" అన్నాడు. అదీ నిజమే. మా దగ్గర తెల్లకాగితం మీద రాసుకుని, కల్లు తాగి, భూమి కొన్నామని సంబురపడ్డ వాళ్లు ఎందరో. నేను బయానా ఇవ్వడానికి సిద్ధమయ్యాను. ఎందుకైనా మంచిదని కాకను తోలుకుపోయాను.

కాక కాగితం వైపు చూడనే లేదు. చెప్పులు విప్పి ఆ నేల మీద అటూ ఇటూ నడిచాడు. "సత్తయ్యా, గిది చెలకనా, పొలమా?" అన్నాడు. చెలకంటే వాన మీద పండే మెట్ట, పొలమంటే నీళ్లు పారే మడి.

"చెలకనే కాక. మక్కలు పండిచ్చిండ్రు."

కాక వంగి, బొటనవేలితో మట్టి పెళ్ల లేపి, గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. మట్టిలో తెల్లగా, చిన్నచిన్న నత్తగుల్లలు. "మరి చెలకల నత్తలేం జేస్తున్నయ్‌రా? మక్కలు బుక్కనీకి వచ్చినయా?"

"ఏమో కాక, పిలగాండ్లు పారేసిండ్రేమో."

"గిన్ని నత్తలా! ఏ ఊరి పిలగాండ్లురా వాళ్లు?"

తర్వాత నా వైపు తిరిగి, "గిది శికం బిడ్డా. చెరువు నిండితె నీళ్లు పండుకునే జాగ. సర్కారుది. అమ్మనీకి వీనికి హక్కు లేదు, కొని ఉండనీకి నీకు హక్కు లేదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. సత్తయ్య మీద కాదు, కాక మీద. కట్టుకున్న ఇల్లంతా ఒక్క పిడికెడు మట్టితో కూలగొట్టాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వానలు ముదిరాక ఒక పొద్దున ఆయనే వచ్చి, "దా బిడ్డా, నీ జాగ జూసొద్దాం" అన్నాడు. పోయి చూస్తే అంతా నీళ్లే. నేను ఏరుకున్న మూల సున్నపురాయి కొస ఒక్కటే పైకి తేలి ఉంది, దాని మీద తెల్లకొంగ నిలబడింది. "అగో, నీ ఇంట్ల కొంగ దిగింది. కిరాయి అడుగు పో" అన్నాడు కాక. పకపకా నవ్వాను. నవ్వి నవ్వి, ఆ గట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆ రోజు నుంచి నాకు పట్టుదల పెరిగింది. కాక వెంట తిరిగి నేర్చుకున్నాను. ధర్మపురి రోడ్డు దిక్కు రాజలింగం అనే రైతు బోరు వేయించుకోవడానికి తన చెలకలో వెనక భాగం నుంచి నూట యాభై గజాలు అమ్ముతానన్నాడు. కాక గడ్డపారతో నాలుగు మూలలా గుచ్చి, "ఇను, ఇను" అంటూ హద్దురాళ్ల మోత నాకు వినిపించాడు. మండలాఫీసులో పహాణీ నకలు తీసుకుని నా చేతిలో పెట్టాడు. ఏ భూమి ఎవరిదో, ఎవరు దున్నుతున్నారో ఏటేటా రాసే కాగితం అది. "నాకు రాదు. నువ్వు సదువు, నేనింట" అన్నాడు. గొలుసుకట్టు రాత, నాకు చెమటలు పట్టాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "పట్టా ఎవల పేరున్నది? దున్నెటోడు ఎవలని రాసిండ్రు? రెండు పేర్లొక్కటేనా? మల్లోసారి సదువు బిడ్డా." బడి మానేశాక నా చదువుతో ఒకరికి పని పడడం అదే మొదటిసారి.

"జాగను ఎండల జూడాలె, వానల జూడాలె, అమ్మేటోడు లేనప్పుడు సుత జూడాలె" అనేవాడు కాక. అందుకే ఒక రోజు ఒక్కదాన్నే పోయాను. తూర్పు హద్దున గంగవ్వ అనే ఆమె పసుపు చేనులో కలుపు తీస్తోంది. నేనూ కొంగు చెక్కుకుని పక్కన కూర్చుని కలుపు పీకాను. రెండు సాళ్లు అయ్యాక ఆమె నోరు విప్పింది.

"కొనుక్కో, జాగ మంచిదే. ఎట్ల పోతవ్ మరి?"

"ఎటు అవ్వా?"

"ఇంటికే. రెక్కలు కట్టుకొని పోతవా? రోడ్డు పక్కది రాజలింగమే ఉంచుకుంటున్నడాయె. మాకీ చేను అమ్మినప్పుడు జెప్పిండు, నా చెలకల నుంచి నడువుండ్రి అని. పైసలు చేతుల వడ్డంక బాటకు అడ్డం కంప కొట్టిండు. గిప్పుడు వాగు దిక్కుకెళ్లి సుట్టు తిరిగి వస్తున్నం."

ఉరుకుతూ వచ్చి కాకకు చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లు గొలుసు గుంజిన గని, జాగలకు ఎట్ల పోవాలె అని ఒక్కనాడు అడగలే బిడ్డా! నేను సర్కారోన్నాయె, ఎవల చేన్లకెల్లయినా నడిసిన. నాకు బాట లేకపోవుడేందో ఎరుకలేదు." రాజవ్వను పిలిచి, "ఇన్నవా, గీ పిల్ల నన్ను దాటింది" అన్నాడు. గొంతులో ఎంత సంతోషమో! ఇద్దరం పోయి రాజలింగంతో మాట్లాడాము. రోడ్డు నుంచి పన్నెండు ఫీట్ల బాట రాసిస్తానని ఆయన ఒప్పుకున్నాడు.

రిజిస్ట్రేషన్ రోజున మా ఆయన భివండి నుంచి వచ్చాడు. నేను పెళ్లికి పోతున్నట్టు తయారయ్యాను. కాగితాలు రాసే ఆయన దస్తావేజు ముందు పెట్టాడు. రాజలింగం పెన్ను మూత తీశాడు. "ఆగు మామా, ఒక్కసారి సదువుత" అన్నాను. మా ఆయన నా చెవిలో, "ఏందే గీ పంచాయితీ, అందరు జూస్తున్రు" అన్నాడు. నేను వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాను. వెనక ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు. కాక గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. తూర్పుకు గంగవ్వ భూమి. బాగానే ఉంది. దక్షిణానికి, అంటే రోడ్డు దిక్కుకు, రాజలింగం మిగులు భూమి. అంతే. ఇంకో దిక్కుకు పోయింది రాత. నేను వెనక్కి వచ్చి మళ్లీ చదివాను. "గీ కాగితంల బాట లేదు" అన్నాను.

"పాత కాగితంల ఎట్లున్నదో అట్లనే దింపిన. ఉన్న బాట ఎటు పోతదమ్మా?" అన్నాడు రాసే ఆయన.

రాజలింగం మొహం ఎర్రబడింది. "నేనేమన్న సచ్చిపోయిన్నా? నా నోటిమాట లేదా?"

"గంగవ్వకు సుత నోటితోనే ఇచ్చినవు గద మామా!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నేనే నమ్మలేకపోయాను. రాజలింగం నన్ను ఎగాదిగా చూసి, "నాలుగో తరగతికే గిట్లున్నవు. పదోది సదివితె నా చెలకంత రాయించుకుందువు" అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. లేచి పోతాడేమో అనుకున్నాను. పోలేదు. బోరు బండి వాళ్లు ఆయన కోసం ఎదురుచూస్తున్నారాయె. "రాయి, బాట రాయి" అన్నాడు. ఆయన కావాలని చేశాడో, రాసే ఆయన మరుపో నాకు ఈనాటికీ తెలియదు. మా ఆయన కొత్త స్టాంపు కాగితం కోసం ఉరికాడు. ఆఫీసు మూసే వేళకు పని అయింది. ఈసారి చదవమని మా ఆయనే అన్నాడు, అక్షరాల మీద వేలు కూడా ఆయనే పెట్టాడు.

అటునుంచి అటే జాగకు పోయాము. కాక రోడ్డు మీద నిలబడి, చెప్పులు విప్పి, పైకి లెక్కపెడుతూ నడిచాడు. పిల్లలు ఆయన వెనక ఎగురుతూ లెక్కపెట్టారు. మా జాగ మొదట్లో ఆగి, "యాభై నాలుగు. గీ యాభై నాలుగడుగులు నువ్వు సదివి సంపాయించినవి బిడ్డా" అన్నాడు.

కాక పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంట్లోనే మా పిల్లలు పెరిగారు, ఆ బాట మీదనే బడికి పోయారు. ఇప్పుడు బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎవరు జాగ కొన్నా కాగితాలు నా దగ్గరికి తెస్తారు. నేను వాళ్లతో చేన్లకు పోతాను, మన్ను తీసి చూస్తాను, అమ్మేవాడు లేనప్పుడు పక్క చేను వాళ్ల దగ్గర కూర్చుంటాను. "అంతా మామూలే అమ్మా, చదివేదేముంది?" అని ఎవరైనా అంటే చాలు, నాకు హుషారు పుడుతుంది. కొంగు నడుముకు చెక్కి, మొదటి అక్షరం మీద వేలు పెడతాను.

ఇది కూడా అట్లాగే పైకి చదివాను. కాక ఉంటే కళ్లు మూసుకుని విని, "మల్లోసారి సదువు బిడ్డా" అనేవాడు, ఎన్నో తప్పులు దొరికేవి. వినడానికి ఆయన లేడు. మిగిలిన తప్పులు మీరే మన్నించాలి.