శౌరమ్మ మోసిన నీళ్లు

పునీతురాలు చిన్న తెరేసమ్మ పేరు చెప్పి నోళ్లు మూయించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలా మూయించినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇంకా మండుతుంది.

శౌరమ్మ మా కథోలిక గుడి ఊడ్చేది. బెజవాడలో బందరు కాలవ గట్టున వాళ్ల గుడిసె. భర్త ఇన్నయ్య రైల్వే గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడు. కుడికాలికి బోదకాలు వచ్చి మోకాలి దాకా వాచిపోయాక ఇంట్లో కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే ఆ కాలు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మడతల్లో తడి లేకుండా తుడిచి, అప్పుడు గుడికి వచ్చేది శౌరమ్మ.

నేను అక్కడ ఉపదేశిని. పిల్లలకు జపాలు నేర్పుతూ, ఇరవై నాలుగేళ్లకే క్షయతో చనిపోయిన ఫ్రాన్సు దేశపు కన్యాస్త్రీ చిన్న తెరేసమ్మ కథ నేను చెబుతుంటే, శౌరమ్మ చీపురు పక్కన పెట్టి వినేది. మఠంలో బట్టలుతికేచోట పక్క సిస్టరు మురికినీళ్లు మొహాన చిందిస్తుంటే తెరేసమ్మ మాట్లాడకుండా ఓర్చుకుందన్న ముక్క ఆమెకు చాలా ఇష్టం. చిన్న పనులు ప్రేమతో చేయడమంటే తనకూ చేతనవుతుందనేది. నిజంగానే చేసింది. గుడి మెట్ల మీద ఎవరు ఉమ్మేసినా గొణక్కుండా కడిగేది.

ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినట్టు, ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంత్రం ఫాదర్‌గారు పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. పేటకొకరు చొప్పున వంతు. పేర్లు రాసేది నేను. 1974లో కాలవగట్టు వంతు ఇన్నయ్యకు వచ్చింది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అతను తన తెల్లపంచె రెండుసార్లు ఉతికించుకున్నాడట.

గుడి పెద్ద జోజయ్య గారు జాబితా చూశారు. ఆయన బెల్లం వ్యాపారి. గుడిలో బల్లలన్నీ ఆయన చేయించినవే.

"ఏమయ్యా ఉపదేశీ, ఆ కాలు పళ్లెంలో పడుతుందా? జనం చూడొద్దా? తీసేసి మా తమ్ముడి పేరు రాయి," అని తన కలం అందించారు.

రాశాను. అప్పటికి నాకు యాభై ఏళ్లు.

శౌరమ్మకు చెప్పాల్సిన పనీ నా మీదే పడింది. చెప్పి ఊరుకున్నా బాగుండేది. "చిన్న తెరేసమ్మలాగా ఓర్చుకో శౌరమ్మా," అని కూడా అన్నాను.

ఆమె చీపురు గోడకు ఆనించింది.

"ఆ పిల్ల ఓర్చుకుంది తన మొహాన పడ్డ నీళ్లనేగండీ. పక్కోళ్ల మొహాన కొడతా ఉంటే ఊరుకోమని మీరెప్పుడూ చెప్పలేదుగా."



గురువారం సాయంత్రం పన్నెండు మందీ ముందు బల్లల మీద కూర్చున్నారు. మా దగ్గర ఒక అలవాటుంది. కాళ్లు కడిగించుకోవాల్సినవాళ్లు ఇంటి దగ్గరే సబ్బుతో మడమలు రుద్దుకుని, పౌడరు కూడా అద్దుకుని వస్తారు. ఫాదర్‌గారి చేతికి మురికి అంటకూడదట. ఫాదర్‌గారు నడుముకు తువ్వాలు చుట్టుకుని చేయి చాచారు. నీళ్లు లేవు. ఏటా ఆ నీళ్లు మోసుకొచ్చేది శౌరమ్మే. అన్నీ ఆలోచించిన జోజయ్య గారికి అదొక్కటే తట్టలేదు.

అందరం వెనక్కి తిరిగాం. వాకిట్లో, చెప్పులు విడిచేచోట, ఇన్నయ్య తెల్లపంచె పైకి మడిచి స్టూలు మీద కూర్చున్నాడు. శౌరమ్మ ఇంటి నుంచి వెడల్పాటి బేసిను తెచ్చింది. కాలు అందులో హాయిగా పట్టింది. గుడి బిందె వంచి ఆ కాలు కడుగుతోంది.

జోజయ్య గారు ఊగిపోతూ వెళ్లారు.

"ఏంటే ఇది? అక్కడ పన్నెండు మంది కూర్చుంటే నీళ్లేవి?"

ఆమె తల ఎత్తలేదు. కాలివేళ్ల సందున తడి తుడుస్తూ అంది.

"వాళ్లు ఇంటికాడే శుభ్రంగా కడుక్కొచ్చారుగదండీ. ఇంక నీళ్లెందుకు?"

ఫాదర్‌గారు తువ్వాలుతో అక్కడే నిలబడిపోయారు.

ఈస్టరు మర్నాడు, ఆమెను పనిలోంచి తీసేస్తూ కాగితం రాయమని జోజయ్య గారు మళ్లీ ఆ కలమే అందించారు. నేను తీసుకోలేదు. నా పనీ పోయింది. ఆ కలం మొదటిరోజే తీసుకోకుండా ఉంటే, ఇన్నయ్య వాకిట్లో చెప్పుల మధ్య కూర్చోవాల్సి వచ్చేది కాదు.