పొడి వీపు

మా పెదనాన్న నేవీలో పనిచేసి వచ్చాడని తెలిసి, కళింగపట్నంలో పిల్లలు "ఎన్ని ఓడలు ముంచీసేవు తాతా?" అని అడిగేవారు.

"మాది మరమ్మతు ఓడరా. దెబ్బతిన్న ఓడల్ని బాగుసేసి ఇంటికి అంపీవోళ్లం. ఒక్కటీ ముంచనేదు" అని మీసం దువ్వేవాడు.

ఆ ఓడలో వెల్డింగు చేసిన రోజుల్లోనే ఆయనకో అలవాటు పట్టుకుంది. తాను వేసిన అతుక్కి లోపలినుంచి వీపు ఆనించి కూర్చునేవాడు. చెమ్మ దిగితే ముందు తన చొక్కాకే తెలియాలట. రిటైరై వచ్చి ఊళ్లో బోట్లు బాగుచేసేటప్పుడూ అదే వరస.

తుఫానుకి మా ఫైబర్ బోటు పక్క పగిలింది. నాన్న పోయాక మా తమ్ముడు వేటకెళ్లే ఆ బోటే మా ఇంటికి తిండి పెడుతోంది. పెదనాన్న దాన్ని అతికాడు. అయినా అమ్మకు ధైర్యం చాలలేదు.

"అతుకుల బోటు మీద నా కొడుకుని అంపనేను బావా."

"నన్ను నమ్మొద్దులేమ్మా. నా సొక్కాని నమ్ము" అంటూ మోకాళ్లు పట్టుకుని ఎక్కి, అతుక్కి ఆనుకుని కూర్చున్నాడు. తమ్ముడు ఇంజను తిప్పాడు. కెరటాలు దాటి బోటు కనుమరుగయ్యాక అమ్మ ఇసకలో కూలబడి తల వంచేసుకుంది.

ఎండ నెత్తికెక్కాక తిరిగి వచ్చారు. పెదనాన్న జుట్టూ, చొక్కా ముందువైపూ కెరటాల నీళ్లు కారుతున్నాయి. దిగగానే అమ్మవైపు వీపు తిప్పి నిలబడ్డాడు.

ఏనాడూ బావగారిని ముట్టుకోని అమ్మ ఆ వీపంతా అరచేత్తో తడిమింది. ఆ చేతిని చెంపకి ఆనించుకుని చూసుకుంది. తర్వాత తమ్ముడివైపు తిరిగింది.

"ఒరే, సూస్తావేటి? వల ఎక్కించు."